కాజాలమ్మ రక్తం గ్రూపు

అసలు పేరు ఏదో ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఇప్పుడు వీధి వీధంతా ఆమెను కాజాలమ్మ అనే అంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే దర్జీ కొట్లో చొక్కాలకు కాజాలు కుడుతోంది. మాస్టరు గుడ్డ కత్తిరిస్తాడు, మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు చేతులూ కాలర్లూ అతుకుతారు, ఆఖరున బొత్తాం దూరే సందు చీల్చి దాని అంచు చుట్టూ దారం అల్లే పని ఆమెది. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి చాలాకాలమైనా మాస్టరు ఆమెను మానిపించలేదు. మిషను కాజా ఆర్నెల్లకే నోరు తెరుస్తుందనీ, అక్క కుట్టింది చొక్కా చిరిగినా చిరగదనీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

నెల రోజులుగా ఆమెకు కడుపులో కుడిపక్క నొప్పి. తిన్న గంటకు మొదలై వీపులోకి పాకుతుంది. పిత్తాశయంలో రాళ్ళున్నాయనీ, తీసేయడమే మేలనీ డాక్టరు చెప్పాడు. వచ్చే సోమవారానికి ఆపరేషను ఖాయమైంది. కోడలు అదే ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. రక్తం తీయడం దగ్గర్నుంచి కాగితాల దాకా అన్నీ తనే చూసుకుంటానంది. లిఫ్టులు బాగుచేసే కొడుకు ఆ వారానికి సెలవు అడిగి పెట్టుకున్నాడు. కాజాలమ్మకు భయమేమీ లేదు. ఆపరేషనుకు సరిగ్గా వారం ముందు, సోమవారం సాయంత్రం దాకా లేదు.

ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే మనవరాలు ముందు గదిలో నేల మీద పెద్ద అట్ట పరుచుకుని గళ్ళు గీస్తోంది. రక్తం గ్రూపులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా వస్తాయో బళ్ళో చెప్పారట. ఇంట్లో మూడు తరాల గ్రూపులు రాసి గురువారానికి తెమ్మన్నారట. పక్కనే కూర్చుని కాజాలు కుట్టుకుంటున్న నానమ్మకు కూడా పాఠం ఒప్పజెప్పాలని దానికి హుషారు పుట్టింది. ఆమె బొత్తాల డబ్బా తెచ్చి అట్ట మీద బోర్లించింది.

ఎర్ర బొత్తాం ఏ, నీలం బీ, తెల్లది ఓ. మనిషికి రెండేసి బొత్తాలు, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. తెల్లది ఉన్నా లేనట్టే. పక్కన ఎర్రది ఉంటే ఎర్రదే కనిపిస్తుంది, నీలం ఉంటే నీలమే. రెండూ తెల్లవైతేనే ఓ గ్రూపు. ఎర్రదొకటీ నీలమొకటీ ఉంటే ఏబీ. తల్లయినా తండ్రయినా తమ దగ్గరున్న రెండిట్లో ఒకటి బిడ్డకు ఇస్తారు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచీ తెచ్చి ఇవ్వలేరు.

బొత్తాలు గళ్ళలోకి జరుపుతూ మనవరాలు ఇదంతా గడగడా చెప్పుకుపోయింది. వాళ్ళమ్మది బీ, తనదీ బీ. నాన్నది ఓ అని లైసెన్సు మీదే ఉంది. నాన్న గడిలో రెండు తెల్ల బొత్తాలు పెట్టి తలెత్తింది.

"ఒక తెల్లది తాతయ్య ఇచ్చాడు, ఇంకోటి నువ్విచ్చావు. అంటే నీ గ్రూపు ఏదైనా సరే, నీ దగ్గర ఒక తెల్ల బొత్తాం ఉండి తీరాలి నానమ్మా. ఏ కావచ్చు, బీ కావచ్చు, ఓ కావచ్చు. ఏబీ మాత్రం అవడానికి వీల్లేదు."

కాజాలమ్మ చేతిలో సూది గుడ్డలోకి సగం దిగి ఆగిపోయింది.

ఆమెది ఏబీ. భర్తకు ఆపరేషనైనప్పుడు ఆమె కూడా రక్తమిస్తే ఒక కార్డిచ్చారు. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ కార్డు ఇప్పటికీ సూదుల డబ్బా అడుగున పడి ఉంది. ఏబీ అంటే ఏబీ, దానికో అర్థం ఉంటుందని ఇన్నేళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొడుకు తన కడుపున పుట్టలేదన్న సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, తనూ, పోయిన భర్తా. పదకొండు రోజుల పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని ఈ ఊరొచ్చిన నాటి నుంచి ఆ మాట వాళ్ళిద్దరూ తమలో తాము కూడా అనుకోలేదు.

"నీదేంటి మరి?" అని మనవరాలు పెన్సిలు పట్టుకుని అడిగింది.

తెలియదంది కాజాలమ్మ. ఎప్పుడూ చూపించుకోలేదంది. అమ్మ రేపు పొద్దున రక్తం తీస్తుందిగా, అప్పుడు రాస్తానులే అని మనవరాలు బొత్తాలన్నీ ఎత్తి డబ్బాలో పోసేసింది.

మంగళవారం పొద్దున్నే కోడలు డ్యూటీకి వెళ్ళబోతూ భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, రబ్బరు పట్టీ, దూది, సూది, చిన్న గాజు గొట్టాలు నాలుగు వరసగా పెట్టింది. రండి అత్తయ్యా, అయిదు నిమిషాల పని అంది. కాజాలమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. పొద్దున్నే టీ తాగానంది. టీ తాగితే ఫర్వాలేదు, ఒక్క షుగరు పరీక్షకే పరగడుపు కావాలి, అది రేపు చూసుకుందాం అంది కోడలు. ఒంట్లో నలతగా ఉందంది కాజాలమ్మ. చేతులు చీరకొంగులో చుట్టుకుని, అసలీ ఆపరేషను అక్కర్లేదనిపిస్తోందనీ, నొప్పి తగ్గుముఖం పట్టిందనీ, మందులతో నెట్టుకొస్తాననీ అంది.

కోడలు ఆమె ముఖంలోకి చూసింది. రాత్రంతా వేడినీళ్ళ సీసా పొట్టకు అదుముకుని పడుకున్న మనిషికి తెల్లారేసరికి నొప్పి తగ్గిందంటే నమ్మేంత అమాయకురాలు కాదు. అయినా గొట్టాలు ఒక్కొక్కటే తిరిగి పెట్టెలో సర్దుకుంది. గుమ్మం దాటుతూ అంది.

"నా చేత సూది వేయించుకోవడం ఇష్టం లేకపోతే చెప్పండత్తయ్యా. ఇంకొకరిని పంపుతాను."

ఆ మాటలో కోపం లేదు. చిన్నబుచ్చుకోవడం ఉంది. పదిహేనేళ్ళలో ఆ ఇద్దరి మధ్యా గట్టిగా మాట నడిచింది లేదు. కాజాలమ్మకు ప్రాణం చివుక్కుమంది. అయినా చేతులు కొంగులోంచి తీయలేదు.

ఆ రోజంతా కొట్లో కూర్చుని ఒకటే ఆలోచన. ఆ కార్డు రాసి ఇరవై ఏడేళ్ళయింది. ఆ రోజుల్లో పరీక్షలు ఎంత బాగా చేసేవాళ్ళో ఏమో. హడావిడిలో ఒకరిది ఒకరికి రాసిచ్చినా అడిగే దిక్కెవరు? తనది ఏ కావచ్చు, బీ కావచ్చు. అప్పుడు ఏ గొడవా లేదు. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అది ఎవరికైనా చెబితే నవ్విపోతారు. ముప్పై ఆరేళ్ళు ఒకే కప్పు కింద, ఒకే కుండలోది తిని బతికారు. మనిషి మాటతీరు మారుతుంది, నడక మారుతుంది. రక్తం మాత్రం ఏ కాస్తయినా మారదా?

బుధవారం మధ్యాహ్నం భోజనం వేళ మాస్టరుకు పనుందని చెప్పి, బస్సెక్కి మూడు స్టాపుల అవతల దిగింది. మందుల దుకాణం పైన మేడమెట్లెక్కితే ఒక చిన్న పరీక్షల గది. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల ముసలాయన ఒక్కడే ఉన్నాడు. గ్రూపు చూడాలని చెప్పి కూర్చుంది. ఆయన వేలి కొస దూదితో తుడిచి చటుక్కున పొడిచాడు. తెల్లటి పలక మీద మూడు చోట్ల మూడు రక్తపు బొట్లు పెట్టాడు. ఒకదాని పక్కన నీలం మందు, ఒకదాని పక్కన పసుపుపచ్చ మందు, మూడోదాని పక్కన రంగులేనిది ఒక్కొక్క చుక్క వేశాడు. పుల్లతో కలిపి, పలకను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ వంచాడు.

కాజాలమ్మ కుర్చీ అంచుకు జరిగింది. సన్న దారాన్ని పదిహేను గజాల దూరం నుంచి పోల్చగల కళ్ళు ఆమెవి. నీలం కలిసిన బొట్టు మొదట నున్నగానే ఉంది. చూస్తుండగానే విరిగిన పాలలా ముక్కలు ముక్కలైంది. పసుపుపచ్చ కలిసింది ఆ పక్కనే, అదే తీరున విరిగింది.

"ఏబీ పాజిటివ్" అన్నాడు ముసలాయన.

ఇంకోసారి చూడమంది. మళ్ళీ పొడిపించుకుంది. మళ్ళీ రెండూ విరిగాయి. తప్పు రాలేదా, వయసు మీద పడితే ఏమైనా మారుతుందా అని అడిగింది. పళ్ళు ఊడతాయి గానీ గ్రూపు ఊడదమ్మా, నలభై ఏళ్ళుగా చూస్తున్నాను అన్నాడాయన, కాగితం మీద ముద్ర వేస్తూ. ఆ కాగితం ఆమె నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దోపుకుని మెట్లు దిగింది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ ఉండగా, ఆపరేషను వద్దే వద్దని తేల్చి చెప్పేసింది. కొడుకు చాలాసేపు నచ్చజెప్పాడు. రాయి కదిలి నాళానికి అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు అన్న మాట గుర్తుచేశాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికతను, ఎప్పుడూ గొంతు పెంచనివాడు, కంచం జరిపేసి లేచి వరండాలోకి పోయాడు. మనవరాలు అట్ట తెచ్చి నానమ్మ గడిలో ఏం రాయాలని అడిగింది. కాజాలమ్మ నోరు తెరిచేలోపే కోడలు, 'తెలియదు' అని రాసి ఇచ్చెయ్, అలా రాసినా మార్కులు తగ్గవు అంది. అంత తొందరగా ఎందుకందో కాజాలమ్మ ఆలోచించలేదు. ఆ పూటకు గండం గడిచింది, అంతే అనుకుంది.

గురువారం పదకొండు గంటలకు కొట్లో నొప్పి వచ్చింది. రోజూ వచ్చేలాంటిది కాదు. పెళ్ళికొడుకు చొక్కా ఒకటి ఒళ్ళో ఉంది, ఆరు కాజాల్లో నాలుగయ్యాయి. అయిదోదానికి సందు చీల్చి కత్తెర పక్కన పెట్టేలోపే డొక్కలో గునపం దించినట్టయింది. చొక్కాకు చెమట అంటకూడదని దాన్ని ముందు పక్కకు పెట్టి, ఆ తర్వాతే నేల మీదికి ఒరిగింది. మాస్టరు టేపు మెడలో వేలాడుతుండగానే ఆమెను రెండు చేతులా ఎత్తి ఎదురొచ్చిన బండి ఆపాడు. ఏ ఆసుపత్రికని అడగనైనా అడగలేదు. కోడలు పనిచేసేది అతనికి తెలుసు.

డాక్టరు కడుపు నొక్కి చూసి, స్కాను తీయించి, రాయి అడ్డం పడబోతోందన్నాడు. జ్వరం కూడా మొదలైంది. సోమవారం దాకా ఆగే మాట లేదు, రేపు పొద్దున్నే చేసేస్తాను, రక్తం తీసి పంపండి అన్నాడు. నొప్పి తగ్గడానికి సూదిమందు వేశారు. ఆకుపచ్చ తెర చుట్టూ లాగి నర్సు వెళ్ళిపోయింది. కాసేపటికి తెర జరిపి లోపలికి వచ్చింది కోడలు, చేతిలో గాజు గొట్టాల పళ్ళెంతో.

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, రబ్బరు పట్టీ జబ్బకు బిగించింది. పిడికిలి బిగించమంది. మోచేతి మడతలో వేలితో తట్టి చూసింది. నరం దొరకలేదు. మళ్ళీ తట్టింది. కాజాలమ్మ చెయ్యి చల్లగా, కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"వేరే ఎవరితోనైనా తీయించమ్మాయ్" అంది.

"ఎందుకత్తయ్యా?"

కాజాలమ్మ తెరకేసి చూస్తోంది. ఇక తప్పించుకోవడానికి బస్సూ లేదు, సాకూ లేదు. అబద్ధం ఆడటానికి ఓపిక కూడా లేదు.

"నా గ్రూపు నువ్వు చూడకూడదు" అంది మెల్లగా.

కోడలు చేతులు ఆగాయి. బిగించిన పట్టీ వదులు చేసి, ఆ జబ్బ మీద ఎర్రగా పడ్డ గీతను బొటనవేలితో రుద్దింది.

"ఏబీ కదా అత్తయ్యా" అంది.

కాజాలమ్మ తల తిప్పింది.

"నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. పెళ్ళికి ముందే ఆయన చెప్పారు."

"వాడా? వాడికి..."

"పదో తరగతిలోనే తెలుసట. ఇదే పాఠం వాళ్ళకూ చెప్పారు. బళ్ళో అందరికీ గ్రూపులు చూస్తే ఆయనది ఓ అని తేలింది. ఇంటికొచ్చి మీ సూదుల డబ్బాలో కార్డు చూశారట." కోడలు గొంతు తగ్గించింది. "ఎప్పటికైనా మీరే చెప్పాలి గానీ మనంతట మనం ఆ మాట ఎత్తకూడదు అని నా దగ్గర మాట తీసుకున్నారు. మొన్న మీరు రక్తం ఇవ్వనంటే నాకర్థం కాలేదు. నిన్న మన పిల్ల అట్ట తెచ్చినప్పుడు అర్థమైంది. అప్పటికప్పుడు ఎలా చెప్పాలో తెలియలేదు. ఇవాళ పొద్దున చెబుదామనుకుంటే మీరు ముందే కొట్టుకు వెళ్ళిపోయారు."

కాజాలమ్మకు వెంటనే ఏడుపు రాలేదు. మొదట నవ్వులాంటిదేదో వచ్చింది. బస్సెక్కి మూడు స్టాపులు పోవడం, రెండుసార్లు వేలు పొడిపించుకోవడం, పళ్ళు ఊడతాయి గానీ గ్రూపు ఊడదన్న ముసలాయన, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. జాకెట్టులోంచి మడతల కాగితం తీసి కోడలి చేతిలో పెట్టింది. కోడలు విప్పి చదివింది. కింద ముద్ర చూసింది.

"ఈయన దగ్గరికి వెళ్ళారా? నాకు పని నేర్పింది ఈయనే" అంది.

అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. ఇద్దరికీ వచ్చాయి. కోడలు ముందుగా ముక్కు ఎగబీల్చి, మళ్ళీ పట్టీ బిగించింది. ఈసారి మోచేతి మడతలో నరం నీలంగా, ఉబ్బెత్తుగా తేలింది. ఇందాకటి దాకా ఎక్కడ దాక్కుందో అంది కోడలు. గొట్టాలు నాలుగూ నిండాయి. వాటి మీద పేరు రాసింది. మరుగున పడిపోయిన అసలు పేరే, అందంగా, అక్షరం అక్షరం విడిగా.

"వాడు వస్తే ఏమనాలి?" అని అడిగింది కాజాలమ్మ, దూది అదుముకుంటూ.

"ఏమీ అనొద్దు. రేపు ఆపరేషను కానివ్వండి" అంది కోడలు.

శుక్రవారం పొద్దున ఆపరేషను సవ్యంగా అయిపోయింది. రాళ్ళు పదకొండు. చిన్న సీసాలో వేసి చూపించారు. ఎవరి రక్తమూ ఎక్కించాల్సిన పని పడలేదు. శనివారం సాయంత్రానికి ఆమె దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. కడుపు మీద నాలుగు చిన్న గాట్లు. నర్సు కట్టు మారుస్తుంటే మెడ వంచి పరీక్షగా చూసి, కుట్టు ఫర్వాలేదు గానీ దూరం దూరంగా వేశాడు, తొందర మనిషి అని తేల్చింది. మాస్టరు వచ్చి, పెళ్ళికొడుకు చొక్కాకు మిగతా రెండు కాజాలు మిషను మీద వేయించానని సిగ్గుపడుతూ ఒప్పుకుని వెళ్ళాడు.

మాస్టరు వెళ్ళాక కొడుకు ఒక్కడే ఉన్నాడు. గిన్నెలో జావ పోసి, చల్లారుస్తూ మంచం అంచున కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని లిఫ్టు గ్రీజు నలుపు. చెంచాతో ఒక గుక్క పట్టాడు. ఆమె మింగింది. ఇంకో గుక్క. ఇద్దరికీ తెలుసు, కోడలు ఇద్దరికీ చెప్పేసిందని. ఎవరు మొదలుపెట్టాలో తెలియక గిన్నెలో సగం అయిపోయింది.

"కోపం రాలేదా నీకు?" అంది చివరికి.

అతను చెంచా గిన్నెలో పెట్టాడు.

"రెండు రోజులు వచ్చింది. మూడో రోజు బడికి వెళ్ళేముందు చొక్కాకి బొత్తాం తెగింది. విప్పే టైము లేదు. నేను వేసుకునే ఉన్నా, నువ్వలాగే నిలబెట్టి కుట్టావు. దారం పళ్ళతో కొరికి తెంపావు, ఇక్కడ" అని గుండె మీద చూపించాడు. "అప్పుడు పోయింది. ఎందుకో తెలీదు."

ఆమెకు ఆ బొత్తాం గుర్తులేదు. వాడికి అలాంటివి వందలు కుట్టింది.

"మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదని. చెప్పాలనిపించినప్పుడు చెబుతుందిలే అనుకున్నా. తర్వాత తర్వాత, నువ్వు మర్చిపోయావేమో అనుకున్నా. మర్చిపోతే మంచిదే కదా అనిపించింది."

కాజాలమ్మ కళ్ళు మూసుకుంది. నిజానికి చాలా రోజులు మర్చిపోయిన మాట వాస్తవమే. వాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు, మొదటి జీతం తెచ్చినప్పుడు, పెళ్ళిలో, మనవరాలు పుట్టినప్పుడు, ఆ సంగతి ఆమెకు ఒక్కసారైనా తట్టలేదు. ఆ మాటే చెప్పింది. అతను తల ఊపాడు. మనవరాలికి కూడా తెలియాలి, కానీ అది నేనే చెబుతాను, నా నోటితో అంది. సరేనన్నాడు. మెడ మీంచి ఏదో బరువు దించినట్టు ఆమె భుజాలు వాలాయి.

మళ్ళీ చెంచా తీసుకుని ఇంకో రెండు గుక్కలు పట్టాడు. తర్వాత అతను కిందికి చూస్తూ అడిగాడు.

"ఆమె ఎలా ఉండేదమ్మా?"

ముప్పై ఆరేళ్ళుగా ఆ ప్రశ్నకు జడిసింది. తీరా అది వచ్చేసరికి తను ఎదురు చూస్తున్న ప్రశ్నే అనిపించింది.

"పొడుగు. నీలాగే. బట్టల కార్ఖానాలో నా పక్క మిషను ఆమెది. నవ్వడం మొదలుపెడితే ఆపలేకపోయేది, సూపర్‌వైజరు రోజూ తిట్టేవాడు. వాడు తిడుతుంటే ఇంకా నవ్వేది." కాజాలమ్మ ఊపిరి తీసుకుంది. "కత్తెర ఎప్పుడూ కుదిరేది కాదు ఆమెకి. గుడ్డ తిరగేసి పెట్టుకుని కత్తిరించేది. ఎడమచేతి వాటం. మా కార్ఖానాలో రెండొందల మందిమి, ఆమె ఒక్కతే అలా."

కొడుకు తన చేతిలోని చెంచా వైపు చూసుకున్నాడు. దాన్ని పట్టుకున్నది ఎడమ చెయ్యి. చిన్నప్పుడు పంతుళ్ళు ఎంత కొట్టినా మారని చెయ్యి. వేళ్ళు విప్పి, మూసి, మొదటిసారి చూస్తున్నవాడిలా దాన్ని చూశాడు.

"నీ తండ్రెవరో నాకు తెలియదు నాన్నా. పనికని వెళ్ళి తిరిగి రాలేదంది, అంతే. నువ్వు పుట్టాక ఆమెకు జ్వరం తగ్గలేదు. పదో రోజున నిన్ను నా చేతిలో పెట్టి, నీ దగ్గరే ఉంచుకో అంది, ఆ రాత్రే పోయింది. ఆ మాట అనకపోయినా ఉంచుకునేదాన్ని."

అతని కళ్ళు నిండాయి. కానీ ముఖం తేటగా ఉంది, వాన వెలిసినట్టు. గిన్నె కింద పెట్టి, మంచం మీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఇంకా చెప్పు" అన్నాడు. "ఆ సూపర్‌వైజరుని చూసి నవ్వేదన్నావు. ఎందుకు?"

"వాడి మీసం" అంది కాజాలమ్మ. ఆ మీసం గుర్తొచ్చి ఆమెకే నవ్వొచ్చింది. నవ్వితే గాట్లు లాగాయి. అరచేత్తో పొట్ట అదుముకుని, నవ్వించకురా అంటూ ఇంకా నవ్వింది.

అప్పుడే డ్యూటీ దిగిన కోడలు, చూడవచ్చేవాళ్ళ వేళ అయిపోయిందని చెప్పడానికి తెర జరిపింది. ఇద్దరినీ చూసి ఆ మాట మానుకుంది. స్టూలు లాక్కుని తనూ కూర్చుంది. కాజాలమ్మ ఆమె కోసం కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.